సగంలో ఆగిన దండయాత్ర

గ్రంథాలయంలో నవలామాలికలను వరుసగా పేర్చిన అర ముందు రెండు నిమిషాలు నిలబడితే చాలు, పాఠకుల చరిత్ర కండ్లకు కట్టినట్లు తెలుస్తుంది. మొదటి సంపుటం అట్ట ఊడి, దారాలు తేలి, పుటల అంచులు చేతి చెమటకు నల్లబడి ఉంటుంది. ఎవరో ఉత్సాహవంతుడు పెన్సిలుతో ‘తప్పక చదవండి’ అని కూడ వ్రాసి ఉంటాడు. రెండవ సంపుటం కొంత నయం. నాలుగైదు దాటిన తరువాత పుస్తకాలు కొన్ననాటి వలెనే నిగనిగలాడుతూ ఉంటాయి. చివరి అట్ట లోపల అంటించిన కాగితం మీద తేదీల ముద్రలు మొదటి పుస్తకంలో చోటు చాలక రెండవ కాగితానికి ప్రాకుతాయి. ఎనిమిదవ పుస్తకంలో రెండో మూడో ఉంటాయి, అవి కూడ ఏండ్ల ఎడంతో. పాఠకుడు ఎక్కడ ఆగిపోయాడో ఆ కాగితం చెబుతుంది. ఎందుకు ఆగిపోయాడో చెప్పదు.

ఈ ఆగిపోవటం అన్ని రకాల మాలికలలోను ఉన్నదే. కాని రాజులు, యుద్ధాలు, దండయాత్రలతో సాగే చారిత్రక నవలల విషయంలో అది మరీ విచిత్రంగా ఉంటుంది. అపరాధపరిశోధక నవల విసుగెత్తితే పాఠకునికి చింత లేదు. ఒక మిఠాయి మొహం మొత్తితే మానివేసినట్లు మానివేస్తాడు. చారిత్రక మాలికను విడిచిపెట్టినవాని సంగతి అట్లా కాదు. ఆ రాజులతో, ఆ సేనానులతో అతడు మూడు నాలుగేండ్లు సహవాసం చేసి ఉంటాడు. రాత్రి దీపం ఆర్పివేయమని ఇంట్లో కసరినా వినక, కోట గోడ కూలేదాకా చదివి ఉంటాడు. అటువంటివానికి ఒకనాడు ఏడవ పుస్తకం చేతిలోకి తీసుకొంటే పది పుటలు ముందుకు సాగదు. తనకు చరిత్ర మీద ప్రేమ తగ్గిపోయిందేమో, తాను చదువరిగా చెడిపోయాడేమో అని లోలోపల అనుమానపడతాడు. ‘మునుపు ఎంత చదివేవాడివిరా!’ అని మాస్టారు ఆ అనుమానానికి కాస్త ఆజ్యం కూడ పోస్తారు. మాస్టారు మంచి ఉద్దేశంతోనే అంటారు. కాని దోషం నిజంగా పిల్లవానిదేనా అన్నది విచారించవలసిన విషయం.

ఈ విచారణకు సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతం కంటె తగిన చోటు వెదకినా దొరకదు. హైదరాబాదు నుండి బొంబాయి వైపు పోయే రాజమార్గం వెంట రామచంద్రాపురం దాటినది మొదలు ఇరుప్రక్కలా కర్మాగారాలే. భారీ విద్యుత్పరికరాల కర్మాగారం 1960లలో వచ్చింది. 1984లో ఎద్దుమైలారంలో ఆయుధ కర్మాగారం వెలసింది. అక్కడ పదాతిదళాన్ని మోసుకొనిపోయే సారథ్ అనే యుద్ధశకటాలు తయారవుతాయి. భానూరులో భారత్ డైనమిక్స్ వారు ట్యాంకులను ఛేదించే క్షిపణులను తయారుచేస్తారు. అంటే ఈ ప్రాంతపు బడులలో చదువుకొనే పిల్లలలో కొందరికి యుద్ధసామగ్రి అనేది కథలోని వస్తువు కాదు. నాయన డబ్బా కట్టించుకొని షిఫ్టుకు వెళ్ళి, నూనె మరకల బట్టలతో తిరిగివచ్చే పని. ఇదే నేలమీద కొండాపురం మట్టిదిబ్బలలో శాతవాహనుల పట్టణం పడి ఉన్నది. పటాన్‌చెరు పేరులో పడమటి చాళుక్యుల రాజధాని దాగి ఉన్నది. యుద్ధం పాతదీ కొత్తదీ ఒకే తాలూకాలో కనిపించే చోట యుద్ధకథ మీద మోజు ఎందుకు పుడుతుందో, ఎందుకు పోతుందో తెలుసుకోవటం కష్టం కాదు.

మోజు పుట్టటానికి బలమైన కారణమే ఉండేది. నిజాము పాలనలో ఉన్నత విద్య ఉర్దూలో సాగేది. తెలుగు పిల్లవానికి తన పూర్వుల సంగతి బడిలో దొరికేది కాదు. 1906లో కొమర్రాజు లక్ష్మణరావు గారు, వారి మిత్రులు హైదరాబాదులో విజ్ఞానచంద్రికా గ్రంథమాలను ప్రారంభించారు. ఆ మాల చరిత్రలతో పాటు చారిత్రక నవలలను కూడ ప్రోత్సహించింది. కేతవరపు వేంకటశాస్త్రి గారి రాయచూరు యుద్ధము వంటి నవలలు ఆ గాలిలో పుట్టినవే. 1930లో మొదటి నిజామాంధ్ర మహాసభ జరిగిన జోగిపేట నేడు సంగారెడ్డి జిల్లాలోనే ఉన్నది. సభకు అధ్యక్షులు సురవరం ప్రతాపరెడ్డి గారు. ఆనాటి పాఠకుడు కృష్ణరాయల దండయాత్రను చదివినది కాలక్షేపం కొరకు కాదు. తనకూ ఒక గతం ఉన్నదని రుజువు కావలసి చదివాడు. అడవి బాపిరాజు గారి హిమబిందు శాతవాహనులను, గోన గన్నారెడ్డి కాకతీయులను అతని ఇంటిలోకి తెచ్చి కూర్చుండబెట్టాయి. బాపిరాజు గారు కొంతకాలం హైదరాబాదులోనే ఉండి మీజాన్ పత్రికకు సంపాదకత్వం వహించారు కూడ.

ఆ ఆకలి తీరిన తరువాత పుట్టిన పాఠకుని సంగతి వేరు. అతనికి గతం ఉన్నదా అన్న సందేహం లేదు. కాకతీయుల తోరణం బస్సు మీద, బడి గోడ మీద, పాఠ్యపుస్తకం అట్ట మీద అతనికి కనిపిస్తూనే ఉన్నది. కాబట్టి అతడు నవలను మరొక ప్రశ్న అడుగుతాడు. తాతను తృప్తిపరచిన జవాబు మనుమనికి చాలదు. ఇందులో తాతగారి అభిరుచిని తక్కువ చేసినదేమీ లేదు.

తెలుగులో చారిత్రక నవలామాలిక అనగానే మొదట చెప్పుకోవలసినది విశ్వనాథ సత్యనారాయణ గారి పురాణవైర గ్రంథమాల. పన్నెండు నవలలు. ‘భగవంతుని మీది పగ’తో మొదలై నాస్తికధూమము, ధూమరేఖ, నందో రాజా భవిష్యతి, చంద్రగుప్తుని స్వప్నము, అశ్వమేధము అంటూ మగధ సింహాసనం మీద వంశాలు మారిన సంధికాలాలను వరుసగా పట్టుకొని సాగుతుంది. దీనికి తోడు కాశ్మీర రాజవంశాల మీద ఆరు, నేపాళ రాజవంశాల మీద ఆరు. మొత్తం ఇరువదినాలుగు. ఒక్క మనిషి బుర్రలో ఇంత సేన విడిది చేసి ఉన్నదని తలచుకొంటేనే ఆశ్చర్యం కలుగుతుంది. ఆయన తన నవలలను చాలావరకు నోటితో చెబుతూ ఉండగా ఇతరులు వ్రాసుకొనేవారు. అందుకే ఆ వాక్యాలకు చెవి ఉన్నది. ఒక మంచి పౌరాణికుని ఎదుట కూర్చున్నట్లు ఉంటుంది. ఆయన 1959 నుండి 1961 వరకు కరీంనగరు ప్రభుత్వ కళాశాలకు ప్రిన్సిపాలుగా ఉన్నారు కనుక తెలంగాణ ఉపాధ్యాయులలో ఒక తరం వారికి ఆయన పుస్తకాల ద్వారానే గాక మనిషిగా కూడ తెలుసు.

ఇవి కేవల యుద్ధనవలలు కావు. అయినా కోటలు, కుట్రలు, వేగులవాండ్రు, కూలిపోయే రాజ్యాలు వీటి నిండా ఉన్నాయి. వాటి కొరకే కుర్రపాఠకుడు వీటిలో అడుగుపెడతాడు. మొదటి నవల అతన్ని కట్టివేస్తుంది. మూడవదానిలో కథ ఆగి రచయిత మాట్లాడటం మొదలుపెడితే అదీ బాగానే ఉంటుంది, ఎందుకంటే విశ్వనాథవారి పిట్టకథ ఇతరుల అసలు కథ కంటె రుచి. ఆరేడు నవలలు గడిచేసరికి అతనికి ఒక సంగతి తెలిసిపోతుంది. ఈ రాజులందరూ ఒక వాదానికి సాక్షులుగా పిలవబడినవారు. సాక్షి ఏమి చెప్పబోతాడో ముందే తెలిసిన వ్యాజ్యంలో ఉత్కంఠ ఎక్కడిది? వాదం సేనాపతి అయిన చోట పాత్రలు సిపాయిలు అవుతాయి. నిలబడమన్న చోట నిలబడతాయి, పడమన్న చోట పడిపోతాయి.

ఆ వాదమేమిటో ఉపాధ్యాయులకు తెలిసినదే, విద్యార్థులకు చెప్పదగినది. అలెగ్జాండరు నాటి గ్రీకులు పేర్కొన్న చంద్రగుప్తుడు మౌర్యుడు కాడని, గుప్తవంశపు చంద్రగుప్తుడని, పాశ్చాత్యులు ఈ ఇద్దరినీ కలిపివేసి భారతచరిత్రను పన్నెండు వందల ఏండ్లు కుదించివేశారని కోట వెంకటాచలం గారు పుస్తకాలు వ్రాశారు. విశ్వనాథవారు పురాణాలలోని రాజవంశావళులతోపాటు ఆ కాలగణనను ఆధారంగా తీసుకొన్నారు. పరాయిపాలనలో అవమానపడిన జాతికి ఆ వాదం ఎందుకు ఊరట ఇచ్చిందో అర్థం చేసుకోవచ్చు. కాని దీనికి అడ్డంగా ఒక రాయి ఉన్నది, అదీ తెలుగునేల మీదనే. కర్నూలు జిల్లా ఎఱ్ఱగుడిలో అశోకుని శిలాశాసనాలు పదునాలుగూ ఉన్నాయి. వాటిలో పదమూడవ శాసనంలో అశోకుడు తన కాలపు అయిదుగురు యవనరాజుల పేర్లు చెప్పాడు. అంతియోకుడు, తురమయుడు, అంతికిని, మగ, అలికసుదరుడు. వీరు సిరియా, ఈజిప్టు, మాసిడోనియా మొదలైన దేశాలను ఏలినవారు, క్రీస్తుకు పూర్వం మూడవ శతాబ్దివారు. అశోకుడు వారి సమకాలికుడైతే అతని తాత చంద్రగుప్తుడు అలెగ్జాండరుకు సమీపకాలంవాడే కావలె. అందువల్లనే చరిత్రకారులు ఆ వాదాన్ని అంగీకరించలేదు.

తొమ్మిదవ తరగతి పిల్లవాడు నవలను ముడిచి ‘ఇది నిజంగా జరిగిందా మాస్టారూ?’ అని అడిగిన క్షణం చాలా విలువైనది. నవల మీద మోజు సన్నగిల్లటం మొదలైనదీ అప్పుడే, చరిత్ర మీద జిజ్ఞాస మేల్కొన్నదీ అప్పుడే. రెండూ ఒకే సంఘటన. కొందరు పంతుళ్ళు ఆ ప్రశ్నకు ‘ముందు పుస్తకం పూర్తిచేయి’ అని సమాధానమిస్తారు. పూర్తిచేయటం ఒక గుణమే, కాదనరాదు. గణితంలో లెక్కను సగంలో వదలరాదు. నవలను సగంలో వదలితే మాత్రం ఏ ప్రమాదమూ లేదు. తిరిగి ముప్పదవ ఏట తీసుకొని చదివితే అదే పుస్తకం మరొక పుస్తకంగా కనిపించిన సందర్భాలు కోకొల్లలు, విశ్వనాథవారి విషయంలో మరీను.

విసుగు పాఠకునికే వస్తుందని అనుకొంటే పొరపాటు. ఇంగ్లీషు రచయిత కానన్ డాయిల్‌కు తన షెర్లాక్ హోమ్స్ మీద ఎంత విసుగు పుట్టిందంటే 1893లో అతన్ని జలపాతంలో పడవేసి చంపించాడు. తన అసలైన రచనలు 1891లో వచ్చిన వైట్ కంపెనీ వంటి చారిత్రక యుద్ధనవలలని ఆయన నమ్మకం. లోకం మాత్రం ఆ విలుకాండ్రను తలుపు బయట నిలబెట్టి, హోమ్స్‌ను బ్రతికించి తెమ్మని పట్టుబట్టింది. పదేండ్ల తరువాత ఆయన బ్రతికించక తప్పలేదు.

మాలిక పొడవు పెరిగినకొద్దీ మరొక ఇక్కట్టు వస్తుంది. చరిత్రలోని యుద్ధం ఎన్నాళ్ళు జరిగిందో అన్నాళ్ళే జరిగింది, దానిని సాగదీయటానికి వీలులేదు. నెపోలియను నాటి నౌకాయుద్ధాల మీద పాట్రిక్ ఓబ్రియన్ ఇరువది నవలలు పూర్తిచేశాడు. మధ్యలో ఆయనకు సంవత్సరాలు అయిపోయాయి! 1812 తరువాత 1812-ఏ, 1812-బి అని కల్పిత సంవత్సరాలను చేర్చుకోవలసి రావచ్చునని ఆయనే ఒక పీఠికలో చమత్కరించాడు. సి. ఎస్. ఫారెస్టరు 1937లో తన హార్న్‌బ్లోయరును నౌకాధిపతిగానే ప్రవేశపెట్టి, 1950లో వెనుకకు వెళ్ళి అతని చిన్ననాటి ఉద్యోగం కథ వ్రాశాడు. 1966లో ఆయన మరణించేనాటికి ఆ మాలికలో మరొక నవల అసంపూర్తిగా మిగిలింది.

బెర్నార్డ్ కార్న్‌వెల్ అనే రచయిత చేసినది తెలుగువారికి మరింత దగ్గరి సంగతి. ఆయన షార్ప్ అనే సిపాయి కథను 1981లో స్పెయిను యుద్ధాలతో మొదలుపెట్టి, వాటర్లూ వరకు నడిపించి, చోటు చాలక 1997లో షార్ప్‌ను పూర్వకాలంలోకి, మన దేశానికి తెచ్చాడు. ఆ నవలలో 1799 నాటి శ్రీరంగపట్టణపు ముట్టడి వస్తుంది. టిప్పుసుల్తానును చంపినది కూడ ఈ షార్పే! చరిత్రలో ఆ సిపాయి ఎవరో తేలలేదు గనుక నవలాకారునికి సందు దొరికింది. ఆ ముట్టడిలో ఇంగ్లీషువారి ప్రక్కన హైదరాబాదు నిజాము సైన్యం కూడ ఉన్నది. 1998లో వచ్చిన తరువాతి నవల 1803 నాటి అస్సయి యుద్ధం గురించినది. ఆ గ్రామం తరువాత చాలాకాలం హైదరాబాదు సంస్థానంలోనే ఉన్నది. సంగారెడ్డి పాత కారాగారం 1796లో కట్టినది కనుక ఆ యుద్ధాలకూ ఈ గోడలకూ వయస్సులో తేడా మూడు నుండి ఏడేండ్లే. అయినా ఇక్కడి పాఠకుడు ఆ నవలలలో తన పూర్వులను వెదకితే ధూళి మేఘంలా, వెనుక వరుసలో గుంపులా మాత్రమే కనిపిస్తారు. షార్ప్‌కు గాయాలవుతాయి, మానుతాయి, మరొక పుస్తకానికి సిద్ధమవుతాడు. ముందు వెనుకలుగా వ్రాసిన మాలికలో ఇంకొక చిక్కు ఏమంటే, ఇతడు 1815 వరకు బ్రతికి ఉంటాడని 1799లోనే పాఠకునికి తెలుసు. గుండు ఎటునుంచి వచ్చినా ప్రక్కవానికే తగులుతుంది. ప్రక్కవాని ఇంటికి ఆ వార్త చేరిందో లేదో పుస్తకం చెప్పదు.

మోజు తగ్గటానికి మూలం ఇక్కడే ఉన్నది. యుద్ధం ఎక్కువైనందుకు గాని, పుటలు ఎక్కువైనందుకు గాని పాఠకుడు పారిపోలేదు. పొడవే దోషమైతే భారతాన్ని ఎవరూ చదివేవారు కారు. భీష్మ, ద్రోణ, కర్ణ, శల్య పర్వాలలో బాణాల వాన కురుస్తూనే ఉంటుంది. పిల్లలకు ఆ పేర్లు, ఆ రథాలు కొంత తికమకగా ఉండేమాట నిజమే. కాని ఆ యుద్ధం ముగిసిన వెంటనే కవి మరొక వీరుని వెదకికొని మరొక దండయాత్రకు బయలుదేరలేదు. స్త్రీపర్వం వ్రాశాడు. గాంధారి రణభూమికి వచ్చి ఒక్కొక్క శవాన్ని పేరుపెట్టి పిలుస్తుంది. గెలిచిన ధర్మరాజుకు రాజ్యం చేదవుతుంది. తిక్కన ఆ ఘట్టాన్ని తెలుగు చేసిన తరువాత ఏడు వందల ఏండ్లకు పైగా తెలుగువారు ఆ యుద్ధాన్ని వింటున్నారు. ముగింపు తెలిసీ వింటున్నారు. పల్నాటి వీరుల కథ కూడ అంతే. కారెంపూడిలో ఏటేటా జరిగే ఉత్సవం గెలుపు పండుగ కాదు, చచ్చినవారిని తలచుకొనే పండుగ. మందహెచ్చులవారు గొల్లల ఇండ్లముందు పాడే కాటమరాజు కథలు ఎన్నో రాత్రుల పొడవు. ఎవరూ వాటిని మొదటి నుండి చివరి దాకా ఒక్క ఊపున వినరు. ఒక రాత్రి ఒక కథ, ఆ కథకు ఒక చావు. వినేవారు ఏడుస్తారు, మరుసటి ఏడు మళ్ళీ పిలుస్తారు. మాలిక పద్ధతిలో ఇది ఎంత తెలివైనదో నేటి ప్రచురణకర్తలు ఆలోచించవచ్చు.

స్త్రీపర్వం లేని మాలికలో పాఠకునికి లెక్క తేలదు. పది వేలమంది కూలారు, సరే, ఆ తరువాత? పదమూడేండ్ల వాడు ఈ ప్రశ్న అడగడు. పదహారవ ఏట అడుగుతాడు. అప్పటికి ఇంటిలో ఏదో ఒక మరణం చూచి ఉంటాడు. పుస్తకం మాత్రం అతనితోపాటు పెద్దది కాలేదు, ఇంకా పదమూడేండ్ల దగ్గరనే కత్తి త్రిప్పుతూ ఉన్నది.

పటాన్‌చెరు పిల్లవానికి వచ్చే మరొక ప్రశ్న ఉన్నది, అది నగరాలలోని పండితవిమర్శకులకు అంత సులభంగా తట్టదు. ఈ కత్తులు ఎవరు చేశారు? ఫలానా రాజు లక్ష సైన్యంతో బయలుదేరెను అని ఒక్క వాక్యంలో నవల దాటివేస్తుంది. లక్షమందికి బువ్వ వండినది ఎవరు? గుర్రాలకు ఉలవ గుగ్గిళ్ళు ఎక్కడివి? నాడాలు కొట్టినది ఎవరు, వారికి కూలి ముట్టిందా? తండ్రి ఫిట్టరుగానో వెల్డరుగానో పనిచేసే ఇంటిలో ఈ ప్రశ్న సహజంగా పుడుతుంది, ఎందుకంటే ఒక యుద్ధశకటం వెనుక ఎన్ని చేతులు, ఎన్ని రాత్రులు ఉన్నాయో ఆ ఇంటికి తెలుసు. వ్యాసుడు ఈ సంగతి మరవలేదు. కురుక్షేత్రంలో పాండవుల విడిది వర్ణిస్తూ జీతాలిచ్చి నియమించిన శిల్పులను, ఉపకరణాలతో సిద్ధంగా ఉన్న వైద్యులను ఉద్యోగపర్వంలో పేర్కొన్నాడు. మన నవలాకారులు చాలామంది మరచిపోయారు. నిజామాబాదు వైపు కోనసముద్రంలో మూసలలో కరగించి తీసిన ఉక్కును కొనుక్కొని పోవటానికి పారశీక వర్తకులు వచ్చేవారు. డమాస్కసు కత్తులకు ఆ జాతి ఉక్కే ప్రాణం. ఖడ్గం పట్టినవాని మీద ఇరువదినాలుగు నవలలు వచ్చిన భాషలో ఉక్కు కరగించినవాని మీద ఒక మాలిక వచ్చి ఉంటే, ఈ ప్రాంతపు గ్రంథాలయాలలో దాని ఎనిమిదవ సంపుటం అట్ట కూడ ఊడిపోయి ఉండేదేమో.

ఎఱ్ఱగుడి రాతి దగ్గరకు మరొకసారి పోవలె. యవనరాజుల పేర్లున్న ఆ పదమూడవ శాసనం అసలు విషయం కాలగణన కాదు, కళింగయుద్ధం. లక్ష మంది హతులయ్యారని, లక్షాయేబది వేలమందిని చెరపట్టి తరలించారని, అంతకు ఎన్నో రెట్లమంది ఇతరత్రా చనిపోయారని గెలిచిన రాజే చెక్కించాడు. బ్రతికినవారి బంధువుల దుఃఖాన్ని కూడ లెక్కలోకి తీసుకొన్నాడు. ఇది రాతిమీది స్త్రీపర్వం. దీనిలో ఒక చిత్రం ఉన్నది. కళింగ దేశంలోని ధౌళి, జౌగడ కొండల మీద ఇతర శాసనాలు చాలావరకు ఉన్నాయి గాని ఈ పదమూడవది లేదు. ఎవరు బాధపడ్డారో వారి ఊరిలో ఆ మాట చెక్కించటానికి చక్రవర్తికి మనసొప్పలేదు కాబోలు. కారణం ఏదైనా, ఈ ఒక్క సంగతి చెప్పి తరగతిలో పిల్లలను ఆలోచించమంటే, గంట కొట్టినా ఎవరూ లేవరు.

ఇటువంటి సామగ్రి సంగారెడ్డి చుట్టూనే తక్కువ లేదు. కొండాపురం దిబ్బలను 1940ల తొలి ఏండ్లలో నిజాము పురావస్తుశాఖవారు త్రవ్వితే శాతవాహనుల నాణెములు, మట్టిబొమ్మలు, పూసలు, రోము చక్రవర్తి అగస్టసు పేర ముద్రించిన బంగారు నాణెం బయటపడ్డాయి. అక్కడ మ్యూజియం కూడ ఉన్నది. హిమబిందు చదివి శాతవాహనుల మీద మోజుపడి, ఆ మోజు తీరిన పిల్లవాడు ఒక పూట ఆ గాజు పెట్టెల ముందు నిలబడి చూడదగును. చక్రవర్తులు చాలా తక్కువగా కనిపిస్తారు. బొమ్మలు చేసినవారు, పూసలు తొలిచినవారు, కుండలు కాల్చినవారు ఎక్కువగా కనిపిస్తారు.

ఇక పటాన్‌చెరు. చరిత్రకారులలో పలువురు దీనిని చాళుక్యశాసనాలలోని పొట్టలకెరెగా గుర్తించారు. పాల్కురికి సోమనాథుడు బసవపురాణంలో చెప్పిన పొట్లచెరువు ఇదే. 1015 నుండి 1043 వరకు ఏలిన పడమటి చాళుక్యరాజు రెండవ జయసింహునికి ఇది ఒక రాజధాని. ఇక్కడ దొరికిన జైనవిగ్రహాలు హైదరాబాదు మ్యూజియంలో ఉన్నాయి. ఈ జయసింహుడే వేంగిలో రాజరాజనరేంద్రునికి ఎదురుగా అతని సవతితమ్ముడు విజయాదిత్యుని పక్షం వహించాడు. రాజరాజుకు మేనమామ రాజేంద్రచోళుడు సేనను పంపాడు. నోరి నరసింహశాస్త్రి గారి నారాయణభట్టు నవల నడిచే కాలం ఇదే. రాజమహేంద్రవరం నుండి చూచినపుడు పొట్లచెరువు శత్రువుల ఊరు. ఆదికవికి భారతం వ్రాయించిన రాజును సింహాసనం దింపటానికి చూచినవారు కొలువుతీరిన చోటు నేడు బస్సులు ఆగే కూడలి అని పటాన్‌చెరు బాలునికి చెబితే, తాను ఇంతవరకు ఏ పక్షాన నిలబడి నవలలు చదివాడో అతడు మొదటిసారిగా ఆలోచిస్తాడు.

ఆ యుద్ధానికి ఒక లెక్క మిగిలింది. నేటి ఏలూరు జిల్లాలోని కలిదిండిలో దొరికిన రాజరాజనరేంద్రుని తామ్రశాసనం కర్ణాటసేనలతో పోరి మరణించిన ముగ్గురు చోళ సేనానుల పేర్లు చెబుతుంది. వారి స్మృతికి రాజు మూడు శివాలయాలు కట్టించి భూములిచ్చాడు. ఎదుటి పక్షాన, పొట్లచెరువు రాజు కొరకు పోరి అక్కడ పడినవారి పేర్లు ఆ రేకులలో లేవు. వారిని గురించి తెలుగులో నవల కూడ లేదు.